నావకు ఇత్తడి కఠడా

నా చిన్నప్పుడు గోదావరి పేరెత్తితే చాలు, నేను పోయి ధాన్యం గుమ్మి వెనక దాక్కునేదాన్ని. ఇంకా పలక పట్టని వయసులో ఒకసారి మా అమ్మ ఒళ్ళో (ఆమెను అవ్వ అనేదాన్ని) కూర్చుని నది దాటుతుంటే, సుడి దగ్గర నావ ఒరిగింది. నేను ఒళ్ళోంచి జారి నీళ్ళలో పడ్డాను. ఎవరో జుట్టు పట్టి పైకి లాగారట. లాగింది ఎవరో నాకు గుర్తు లేదు గానీ, ముక్కులోకి పోయిన ఆ బురద నీళ్ళ వాసన మాత్రం ఈ ముసలితనంలో కూడా వానాకాలం వచ్చిందంటే గుర్తుకొస్తుంది.

మా ఊరు గోదావరికి ఇవతల, కరీంనగర్ జిల్లాలో. మా అవ్వ పుట్టిల్లు అవతల, లక్సెట్టిపేట దిక్కున. అప్పటికి మా దగ్గర వంతెన లేదు. ఎండాకాలం నది చిక్కిపోయి, ఇసుక తొక్కుకుంటూ, మోకాలి లోతు నీళ్ళలో నడిచి దాటేవాళ్ళం. వానలు పడ్డాయంటే మాత్రం నావే గతి.

మాది కంచరి ఇల్లు. ఇత్తడి చెంబులు, గిన్నెలు, గంగాళాలు చేసేవాళ్ళం. చేసేది మా తాత, అంటే మా నాన్న తండ్రి. ఊళ్ళు తిరిగి అమ్మేది మా నాన్న, బాపు అనేదాన్ని. నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. మా తాత మాట తక్కువ మనిషి. పొద్దున లేచింది మొదలు ఆయన సుత్తే మాట్లాడేది. ఆ చప్పుడు వింటూ పడుకుంటే నాకు జోల పాడినట్టుండేది.

నేను నీళ్ళలో పడ్డ కొన్నేళ్ళకు మా అవ్వ కానుపుకు తల్లిగారింటికి పోయేసరికే నది నిండిపోయింది. బాపు నన్ను కూడా ఎత్తి నావలో కూర్చోబెట్టబోయాడు. నేను కాళ్ళు తన్ని, కొరికి, నావ ఊగేంతగా గింజుకున్నాను. ఎక్కినవాళ్ళంతా లబోదిబోమన్నారు. చివరికి అవ్వ ఏడుస్తూ అటు పోయింది, నేను ఏడుస్తూ ఇటు మిగిలిపోయాను. తరవాత తమ్ముడు పుట్టాడని కబురొచ్చింది. బాపు మళ్ళీ తీసుకుపోబోయాడు. ఈసారి రెండు దెబ్బలు కూడా వేశాడు. దెబ్బలకు నా మొండితనం ఇంకా పెరిగింది. ఆయన విసిగిపోయి, గిన్నెల బండి కట్టుకుని సుల్తానాబాద్ వైపు బేరానికి వెళ్ళిపోయాడు. ఇంట్లో తాతా నేనూ మిగిలాం.

అప్పుడు అవ్వ నావ మామతో ఒక మాట చెప్పి పంపింది. నావ మామ అంటే మా రేవులో నావ నడిపేవాడు. ప్రాణహిత ఒడ్డు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మాట మాటకూ మరాఠీ కలిసేది. మా తాతను మామా అని పిలిచి వేళాకోళం ఆడేవాడు. అవ్వ పంపిన మాట ఆయన మా వాకిట్లో నిలబడి చెప్పాడు.

"మామా, నీ కోడలు గట్టిగ చెప్పింది. పెద్దపిల్ల చెయ్యి పడకుంట పోరన్ని తొట్టెల్ల వెయ్యదట. ఆడ ముసలోళ్ళంత కారాలు మిరియాలు నూరుతున్నరు."

తమ్ముణ్ణి తొట్టెల్లో, అంటే ఉయ్యాల్లో, వేసే పండుగ నా కోసం ఆగింది. ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. అవ్వ కావాలి. తమ్ముణ్ణి చూడాలి. కానీ రేవు దాకా పోయి, వెనక్కి పరుగెత్తుకొచ్చేదాన్ని. తాత నన్ను ఏమీ అనలేదు. భయపడకు అని కూడా అనలేదు. నావ మామను అడిగి, నావ బాగుచేసినప్పుడు తీసిపారేసిన టేకు చెక్క ఒకటి తెచ్చుకున్నాడు. బొమ్మ నావ చేసి ముందు ఆటలో నాకు నీళ్ళు మచ్చిక చేయాలని ఆయన ఆలోచన.

చెక్క ఇస్తూ నావ మామ ఏదో సలహా చెప్పాడట. తాత తల ఊపి వచ్చాడు.

చెక్కపని ఆయనకు కొత్త. మొదటి నావను నీళ్ళ గంగాళంలో వదలగానే అది బోర్లా పడి నాకు పొట్ట చూపించింది. నేను మళ్ళీ గుమ్మి వెనక్కి పరుగెత్తాను. రెండోదాన్ని పొట్ట వెడల్పుగా, అడుగు బరువుగా చెక్కాడు. మూరెడు పొడుగు. అది కుదురుగా నిలబడింది. ఇక తన పని మొదలుపెట్టాడు. ఇత్తడి రేకు తీసి, పెద్ద నిమ్మకాయ చెక్కంత గిన్నె ఒకటి కొట్టాడు. ఎంత అందంగా ఉందంటే, దాని అంచు మీద వేలు పెట్టి తిప్పితే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. దాన్ని తెచ్చి నావ మధ్యలో పెట్టాడు. గిన్నె ఎందుకు తాతా అంటే, నావలోకి నీళ్ళొస్తే తోడిపోసేందుకు అన్నాడు.

నావలోకి నీళ్ళు కూడా వస్తాయా! ఆ రోజు నేను గుమ్మి వెనక నుంచి అసలు బయటికే రాలేదు.

సాయంత్రం నావ మామ వచ్చి దాన్ని చూశాడు.

"ఏంది మామా గిది? నావల కూసొని అంబలి తాగుతరా?"

"నీళ్ళు తోడనీకి రా. నువ్వే గద ఇత్తడి కటోర పెట్టుమన్నవ్."

నావ మామ పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు.

"కటోర, గిన్నె గాదు మామా, కఠడా! కఠడా! చేతులతోని పట్టుకునేది. మిద్దె అంచుకు ఉంటది సూడు, మనుషులు పడకుంట. మా దిక్కు దొర నావకు ఇత్తడి కఠడా ఉండె."

"గట్ల తెలుగుల జెప్పరాదుర! ఇత్తడి అన్నవ్, కటోర అన్నవ్. ఇగ నా చెయ్యి ఊకుంటదా?"

చెవిలో పడ్డ మాటనల్లా గిన్నె చేసుకునే చెయ్యి అది. గుమ్మి వెనక నాకూ నవ్వొచ్చింది. అవ్వ పుట్టింటికి పోయాక నేను నవ్వడం అదే మొదలు. తాత విన్నాడు. ఆయన కూడా మీసం చాటున నవ్వుకున్నాడు.

తాత ఆ గిన్నెను పక్కన పడేసి ఇంకో రేకు తీసుకోవచ్చు. తీసుకోలేదు. నన్ను పిలిచి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టాడు. కత్తెర తీసుకుని ఆ గిన్నెను అంచు నుంచి మొదలుపెట్టి, మామిడికాయ తొక్క తీసినట్టు, చుట్టూ చుట్టూ సన్నగా కత్తిరించుకుంటూ అడుగు దాకా వచ్చాడు. గిన్నె మాయమై ఒక పొడుగాటి పట్టీ మిగిలింది. దాన్ని సుత్తితో గుండ్రం చేసి, చిల్లుల ఇనుప పలకలో దూర్చి లాగాడు. పెద్ద చిల్లు, దాని తరవాత చిన్న చిల్లు, ఆ తరవాత ఇంకా చిన్నది. లాగిన కొద్దీ తీగ సాగుతూ, సన్నబడుతూ, మెరుస్తూ వచ్చింది. కంటి ముందు గిన్నె తీగ కావడం నాకు ఈ రోజుకీ గారడీ లాగే ఉంది.

తీగను నావ ముక్కు దగ్గర వంచబోతే అది టప్పున విరిగింది. తాతకు కోపం రాలేదు. విరిగిన ముక్కను నాకు చూపించాడు.

"సూసినవా బిడ్డా, కొట్టి కొట్టి లాగితే ఇత్తడి మొండికేస్తది. జర పొయ్యి కాడ కూసుండబెట్టాలె."

తీగను నిప్పుల మీద ఎర్రగా కాల్చి, నీళ్ళలో చుయ్యిమనిపించి, తీసి నా చేతికే ఇచ్చాడు. వంచమన్నాడు. నా పసి వేళ్ళకు అది తామర తూడులా వంగింది. బాపు దెబ్బలు తిన్న వీపు నాది. ఆ మాట ఇత్తడి గురించే అన్నాడో, ఇంకా దేని గురించి అన్నాడో నేను అడగలేదు. కానీ ఆ రోజు నుంచి గుమ్మి వెనకకు పోవడం మానేశాను.

తరవాత తీగను నిలబెట్టే పుల్లలు. గిన్నె చెవులకు వాడే మొద్దు తీగను ముక్కలు చేసి, ఒక్కో ముక్క తల చదును చేసి, సన్నటి ఉలితో చిల్లు పొడిచాడు. ఆ చిల్లుల్లోంచి పై తీగ పోవాలి. ఒక చిల్లు ఎత్తుగా ఉన్నా దిగువగా ఉన్నా తీగ పాములా మెలికలు పోతుంది. ఆయన ఒంటి కన్ను మూసి చూసి, వంకర ఉన్నదాన్ని తీసి పక్కన పడేసేవాడు. పుల్లకూ పుల్లకూ మధ్య ఎంత ఎడం ఉండాలన్నప్పుడు గూట్లోంచి చింతగింజలు తెమ్మన్నాడు. నావలో మనుషులు ఆ గింజలే. గింజ జారిపోయేంత సందు ఉండకూడదు. అందుకని ఒక గింజనే కొలతగా పెట్టుకుని అంచు పొడుగునా గీతలు గీశాడు. కాల్చిన సూదితో గీత గీతకూ చిల్లు పెట్టాడు. ఊరికే కొడితే టేకు పగులుతుందట. చిల్లులో కరిగిన లక్క చుక్క వేసి పుల్ల దింపి, ఆరేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకునేవాడు. నేను కూడా బిగబట్టేదాన్ని.

అన్నీ నిలబడ్డాక తీగ దూర్చి, చింతపండు, బూడిద పెట్టి నా చేత తోమించాడు. నావ చుట్టూ బంగారు గీత గీసినట్టయింది. గంగాళంలో వదిలి, గింజలు పోసి, చేత్తో నీళ్ళను గట్టిగా కదిపాడు. నావ ఒరిగింది. గింజలన్నీ జరజరా ఒక పక్కకు జారి, కఠడాకు ఒరిగి ఆగిపోయాయి. ఒక్కటీ నీళ్ళలో పడలేదు. నేను చప్పట్లు కొట్టాను. కొట్టి, అడిగాను.

"మరి పెద్ద నావకు ఏది తాతా?"

ఆయన సుత్తి కింద పెట్టి లేచాడు. తరవాత భుజం మీద తువ్వాల వేసుకుని రేవుకు నడిచాడు. నేను వెనకే పోయాను. నావ మామ వినగానే నెత్తి కొట్టుకున్నాడు.

"నీకేమన్న పిచ్చా మామా? నావకు కఠడా కడితే గొర్లు, మేకలు ఎట్ల ఎక్కుతయ్?"

"చుట్టూత వద్దు రా అల్లుడా. వెనక మూలకు, ఇద్దరు కూసునేంత జాగ. గంతే."

"పోరి ఒక్కతే గద. ఇద్దరెందుకు?"

తాత అప్పటికే గట్టెక్కి పోతున్నాడు. రెండు వెదురు బొంగులు తెచ్చి, అతుకుల దగ్గర ఇత్తడి పట్టీలు చుట్టి, ఒడ్డు మీదికి లాగించిన నావ వెనక మూలకు బిగించాడు. ఊపి ఊపి చూశాడు. తాను ఒడ్డున నిలబడి, నావ మామతో కూడా ఊపించాడు. పక్కన తాను కూర్చుని నన్ను పట్టుకుంటాడు కాబోలు, అందుకే ఇద్దరికి జాగా అనుకున్నాను.

మరునాడు పొద్దున బొమ్మ నావను తాత తువ్వాలలో మూటకట్టి వీపున వేసుకుని నేను ఎక్కాను. తమ్ముడికి ఇవ్వాలని. ఎట్లా ఎక్కానో చెప్పలేను. కళ్ళు వెదురు బొంగు మీద పెట్టి ఎక్కాను. దాన్ని రెండు చేతులా పట్టుకుని గింజలా ఒరిగి కూర్చున్నాను. తాత పక్కన కూర్చున్నాడు. నావ కదిలింది. ఒడ్డు వెనక్కి పోయింది. సుడి దగ్గరికి వచ్చేసరికి నావ ఒరిగింది, అప్పటిలాగే.  తాత పట్టుకుంటాడని పక్కకు చూశాను.

తాత చేతులు నా మీద లేవు. రెండూ వెదురు బొంగు మీదే ఉన్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు. 

నావ మామ కూడా చూశాడు. వేళాకోళం చేయలేదు. మెల్లగా అన్నాడు.

"మామా, కండ్లు తెరువు. పోరి సూస్తున్నది."

"సూడనియ్ రా," అన్నాడు తాత, కళ్ళు తెరవకుండానే.

నేను ఒక చెయ్యి వదిలాను. వదిలి, ఆయన చేతి మీద వేశాను. ఎందుకు వేశానో అప్పుడు తెలియదు. బొంగును ఒక్క చేత్తో పట్టుకునే మిగిలిన నది అంతా దాటాను.

అవతలి రేవులో అవ్వ తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఏడ్చింది. తాతను చూసి నోరు తెరిచింది.

"మామా! నువ్వు నావ ఎక్కినవా?"

అప్పుడు తెలిసింది నాకు. మా తాత పుట్టి బుద్ధెరిగి నావ ఎక్కలేదు. కొడుకు పెళ్ళికి కూడా ఎండాకాలం ముహూర్తం పెట్టించి ఇసుకలో నడిచి వచ్చాడు. పొలం పనులు లేని కాలమని అందరూ అనుకున్నారు. ఎవరికీ చెప్పకుండా అంత వయసు దాకా దాచుకున్న భయం ఆయనది. నా కోసం దాన్ని పదిమంది ముందు, నట్టనడి గోదావరిలో బయటపెట్టుకున్నాడు.

తమ్ముణ్ణి తొట్టెల్లో వేసేటప్పుడు నా చెయ్యి పట్టించారు. బొమ్మ నావను తొట్టెల తాడుకు కట్టారు. వాడు మెరిసే కఠడానే చూస్తూ పడుకున్నాడు. నావ మామ మాత్రం ఊరుకోలేదు. విందులో అందరి ముందు, "మామా, మళ్ళ ఎండాకాలం దాక వియ్యంకులింట్లనే ఉంటవా, నావ తేవాల్నా?" అన్నాడు. తాత చెయ్యి కడుక్కుని లేచి, "తే రా, సూస్త," అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు నేను పక్కనే కూర్చుని చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాడు. బొంగు మీద ఒక చెయ్యే ఉంది. రెండోదానితో నది మీద ఎగిరే కొంగలను నాకు చూపించాడు.

మా ఆయన పోయినప్పుడు నా పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు. వచ్చినవాళ్ళంతా ధైర్యంగా ఉండు అన్నారు. ధైర్యం ఎక్కడ దొరుకుతుందో ఎవరూ చెప్పలేదు. నేను మా తాత చేసినట్టే చేశాను. కళ్ళు గట్టిగా మూసుకుని, పొట్ట కోసం బీడీలు చుట్టే చాటను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. నా పెద్దబిడ్డ చూస్తుండేది. చూడనిచ్చాను. ఒకనాడు అది వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది. ఆ తరవాత కొన్నాళ్ళకు చాట మీంచి ఒక చెయ్యి తీయగలిగాను.