బుల్లిబాబుగారి సీసాల గూడు

వేపచెక్క దిమ్మెను రెండు పాదాల మధ్య ఇరికించుకుని దేవరాజ్ దాని మెడ చెక్కుతున్నాడు. అడుగున పిడికిలికి అందనంత లావు, భుజం దగ్గర గుండ్రంగా తిరిగి అక్కడినుంచి సన్నం. ఉలితో ముతకగా లాగి, ఆకురాయితో అరగదీసి, జేబులోంచి కొలతకి ముడులు వేసిన దారం తీసి దిమ్మె నడుముకి చుట్టి చూశాడు. ఇంకా వెంట్రుకవాసి లావుంది. మళ్లీ అరగదీశాడు.

అతను చేస్తున్నది సీసా. అసలు సీసా నందిగామలో బుల్లిబాబుగారింట్లో ఉంది. దాన్నే అడిగి జగ్గయ్యపేట తెచ్చుకుంటే ఈ తిప్పలు ఉండేవి కావు. కానీ వైన్ సీసా తన ఇంటి గడప తొక్కిందంటే భార్య రోజారమణి ఊరుకోదు. ఆమె తండ్రి మంచి తాపీమేస్త్రి, సారా కొట్టుకే ఇల్లంతా ధారపోశాడు. అందుకని పెళ్లినాడే ఆమె దేవరాజ్‌తో ఒక్క మాట తీసుకుంది. బంగారం అడగలేదు, చీరలు అడగలేదు. మందు ఉన్నచోటికి అతని ఉలి వెళ్లకూడదు, అంతే. అప్పట్నుంచి హైవే మీద ఎన్ని బార్లు లేచాయో, అన్ని కౌంటర్ల పనులూ దేవరాజ్ వదులుకున్నాడు. ఏ ఒక్కదానికీ బాధపడలేదు. అవన్నీ ప్లైవుడ్ కోసి సన్‌మైకా అంటించే పనులే కదా అనుకున్నాడు.

ఇది అలాంటిది కాదు. అదీ వచ్చిన చిక్కు.

బుల్లిబాబుగారిది నందిగామలో మిరపా పత్తీ పండించే కుటుంబం. నిరుడు డ్రిప్పు పైపులు చూడ్డానికని నాసిక్ వెళ్లి, ద్రాక్షతోటలు చూసి, అక్కడ నేలమాళిగలో చీకట్లో వరసగా పడుకున్న సీసాలు చూసి మనసు పారేసుకుని వచ్చారు. ఒక సీసా ఇంటికి తెచ్చి, ఘనంగా మూత తీసి, ఒక గుక్క తాగి, "కుంకుడురసంలా ఉందేంటే," అని పెరట్లో ఉమ్మేశారు. ఇంకొకరైతే అక్కడితో ఆపేద్దురు. ఆయన మాత్రం ఇది తాగే వస్తువు కాదు, దాచే వస్తువు అని తీర్మానించుకున్నారు. అప్పట్నుంచి ఏ ఊరు వెళ్లినా ఒకటో రెండో కొనడం, తెచ్చి హాల్లో షోకేసులో నిలబెట్టడం. చివరికి ఏదో వీడియోలో చూశారట, సీసాల్ని పడుకోబెట్టాలని, దానికి గళ్ల గూడు చేయించాలని.

"పడుకోబెడితే కారదాండి?" అన్నాడు దేవరాజ్, మొదటిసారి పిలిపించినప్పుడు.

"మూత బిరడా కదయ్యా. అది ఎప్పుడూ తడిసే ఉండాలి. ఆరితే ముడుచుకుంటుంది, గాలి దూరుతుంది."

ఈ మాట దేవరాజ్‌కి చటుక్కున ఎక్కింది. చెక్క ఆరితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. బిరడా కూడా చెట్టుదేగా. వద్దని చెప్పి వెనక్కి తిరగాల్సినవాడే, ఈలోగా బుల్లిబాబుగారు షెడ్డు తలుపు తీశారు. లోపల వాళ్ల పాత మండువా పడగొట్టినప్పుడు తీసిన టేకు ద్వారబంధాలు. చెయ్యి వేస్తే చల్లగా, నున్నగా, బరువుగా ఉన్నాయి. అలాంటి చెక్క మీద అతని చిత్రిక ఆడి ఎన్నేళ్లయిందో. మేకు కొట్టకుండా, ఒక బద్దలో సగం, రెండో బద్దలో సగం గాడి కొట్టి ఒకదాంట్లో ఒకటి కూర్చే గళ్ల పని అది. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు గానీ ఈ రోజుల్లో అడిగే నాథుడు లేడు.

"చేస్తానండి," అని నోరు తనంతట తనే అనేసింది.

అప్పటినుంచి దేవరాజ్ అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. టేకు బద్దలు వాకిట్లో రేకుల పందిరి కింద గళ్లుగళ్లుగా లేచాయి. ప్రతి గడిలోనూ వేపచెక్క సీసాను దూర్చి, తిప్పి, వదులూ బిగువూ చూసుకుంటున్నాడు.

ఎదురింట్లో మిషను కుట్టే కృపావతి సూది ఆపి మరీ చూసేది. "పావురాలకా అన్నయ్యా?"

"కాదమ్మా."

"మరి చెప్పులకా? ఒక్కో గళ్లో ఒక్కో చెప్పేనా పట్టేది?"

"బుల్లిబాబుగారికి. సామాన్లు పెట్టుకోడానికి."

"పొడుగు సామాన్లేమో," అంది కృపావతి అనుమానంగా, మళ్లీ మిషను తొక్కుతూ.

వేపచెక్క సీసా ఒక పూట కనబడలేదు. పందిరంతా వెతికి వంటింట్లోకి తొంగిచూస్తే రోజారమణి దాంతో చపాతీలు వత్తుతోంది. "బాగా చేసారండీ, పట్టుకోడానికి మెడ కూడా పెట్టారు. ఒకవైపే ఎందుకు పెట్టారూ?"

"ఇంకా పూర్తవలేదు," అన్నాడు దేవరాజ్. ఆ పిండి దులిపి తెచ్చుకోడానికి రాత్రి భోజనాలయ్యేదాకా ఆగాల్సొచ్చింది.

గూడు పూర్తయింది. వార్నిష్ కూడా వేయలేదు, నూనె రుద్దాడంతే. పందిరి కింద టేకు తేనెరంగులో నిగనిగలాడుతుంటే చూసి, తనే చేశానా అనిపించింది. ఆదివారం రోజారమణి పాటల ప్రాక్టీసుకి గుడికి వెళ్లగానే ట్రాలీ ఆటో ఎక్కించేద్దామని ఏర్పాటు చేసుకున్నాడు. ఆటో వచ్చింది. దాని వెనకే రోజారమణి, పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆ ఇంట్లో పెద్ద పని ఏది పూర్తయినా పాస్టరుగారి ప్రార్థన లేనిదే బండెక్కదు. ఆ సంగతి దేవరాజ్ మర్చిపోలేదు, ఈసారికి తప్పించుకుందామనుకున్నాడు. పాస్టరుగారికో పద్ధతి ఉంది. వస్తువు దేనికో కనుక్కుని, దానికి తగ్గట్టే ప్రార్థిస్తారు. మంచమైతే దంపతుల కోసం, బీరువా అయితే దొంగల బెడద లేకుండా. ఒకసారి ఇస్త్రీబల్లకి, బట్టలు కాలకుండా చూడమని పావుగంట ప్రార్థించారు.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని గూడు చుట్టూ తిరిగారు. "అద్భుతమైన పనయ్యా. దేనికిది?"

కృపావతి మిషను ఆగిపోయింది.

ప్రార్థనకి ముందు అబద్ధం చెప్పడం దేవరాజ్ వల్ల కాలేదు. "వైన్ సీసాలు పెట్టుకోడానికండి," అన్నాడు నేల చూస్తూ.

పాస్టరుగారి చేయి అప్పటికే గూడు మీద ఉంది. తీయాలో ఉంచాలో తెలియక అలాగే ఉంచేశారు. కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఈ చెక్కను పెంచినవాడివి నువ్వే. దీన్ని చేసిన చేతులు నీవే. తర్వాతి సంగతి... తర్వాతి సంగతి కూడా నీకే తెలుసు. రోడ్డు మీద లారీలు ఎక్కువ, ఈ ఆటోని క్షేమంగా చేర్చు. ఆమెన్." ఇంత చిన్న ప్రార్థన ఆయన జీవితంలో చేసి ఉండరు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

రోజారమణి పందిరి కింది వేపచెక్క సీసా చేతిలోకి తీసుకుంది.

"చపాతీ కర్ర," అంది.

"కొలతకి చేసా. అసలుది ఇంటికి తేకూడదని."

"అంటే నాకిచ్చిన మాట మీద గౌరవంతోనే చేసారన్నమాట." చెంగు దోపుకుని ఆటో ముందు సీట్లో కూర్చుంది. "ఎక్కించండి. నేనూ వస్తా. ఆ ఇల్లు నేను చూడాలి. తాగుడు కనబడిందా, ఇది కిందికి దిగదు. తెచ్చి మన పొయ్యిలో పెడతా."

దేవరాజ్ నందిగామ దాకా గూటిని రెండు చేతులతో పట్టుకుని వెనక నిలబడే వచ్చాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాన్ని గుండెకి ఆనించుకున్నాడు. పొయ్యి అన్న మాట చెవిలోంచి పోలేదు.

బుల్లిబాబుగారి హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా షోకేసు. అందులో సీసాలు నిలబడి ఉన్నాయి, వాటి వెనక రంగుల లైట్లు. రోజారమణి గుమ్మంలోనే ఆగి అడిగింది: "ఇవి ఎవరు తాగుతారండీ?"

"ఎవరూ తాగరు తల్లీ, అదే నా బాధ," అంది బుల్లిబాబుగారి భార్య సీతారావమ్మ. "తాగితే ఖాళీ అవుతాయి, పారేద్దును. తాగరు, తాగనివ్వరు. దుమ్ము తుడవడానికి నేనొకదాన్ని."

"కలెక్షన్ అంటారు దాన్ని," అన్నారు బుల్లిబాబుగారు.

రోజారమణి దగ్గరికెళ్లి ఒక సీసా మీద వేలు పెట్టి, చురుక్కుమన్నట్టు తీసేసింది. నెలనెలా గుడిలో ప్రభురాత్రి సంస్కారానికి ద్రాక్షరసం చేసేది ఆమే. నల్లద్రాక్ష ఏరి, కడిగి, చేత్తో చిదిమి, జాడీకి గుడ్డ కట్టి చీకటిగదిలో పెట్టి, పక్కనుంచి ఎవరూ గట్టిగా నడవకుండా కాపలా కాస్తుంది. అది ఎంత పులిసిందో గుడిలో ఎవరూ అడగరు, ఆమె చెప్పదు.

"ఏంటండీ ఇది, ఎండలో పెట్టి కాస్తున్నారా?" అంది. ఆమె గొంతులో ఇప్పటిదాకా ఉన్న కోపం వేరు, ఇప్పుడు వచ్చింది వేరు. "పైగా వెనక లైట్లు. ఎవరో పండు పండు ఏరి చేసుంటారు. తాగడం తప్పని నేనూ అంటా. కానీ పాడుచెయ్యడం ఏం ఒప్పు?"

"మరి ఎక్కడ పెట్టమంటావమ్మా?"

"ఆవకాయ ఎక్కడ పెడతారు?"

సీతారావమ్మ వెనకగది తాళం తీసింది. మందపాటి గోడలు, ఒకే చిన్న కిటికీ, నేల నుంచి పాదాలకి చల్లదనం. రోజారమణి నాలుగు వైపులా చూసి తల ఊపింది. "ఇక్కడ. తాళం మాత్రం అమ్మగారి దగ్గరే ఉండాలి."

"నా సీసాల కోసం నేను అడిగి వెళ్లాలా?"

"ఆవకాయకి అడగట్లేదూ?" అంది సీతారావమ్మ.

రోజారమణి వీధి గుమ్మం వైపు తిరిగింది. "దింపండి," అంది మొగుడితో. దేవరాజ్ గూటి కింద భుజం పెట్టాడు.

గదిలో నేల తూము వైపు వాలి ఉంది. దేవరాజ్ మట్టం పెట్టి చూసి, టేకు ముక్కలు పలచగా చెక్కి కాళ్ల కింద దోపాడు. మొదటి సీసా పడుకోబెట్టగానే బిరడా దగ్గర ఎర్రటి చుక్క ఊరింది. గడి అంచు మీద పడింది.

"నీ గూడేనా ఇలా చేసింది?" అన్నారు బుల్లిబాబుగారు కంగారుగా.

దేవరాజ్ సీసా తీసి బిరడాను వేలితో నొక్కాడు. అది లోపలికి కదిలింది. "గూడు కాదండి. ఎండలో నిలబడి బిరడా ఆరింది. ముడుచుకుంది."

"అన్నిటికంటే పాతది, గొప్పది అదేనయ్యా."

రోజారమణి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "వెనిగర్ అయిపోయింది."

సీతారావమ్మ చేయి చాచింది. "ఉల్లిపాయల్లోకి పనికొస్తుందా?"

"బ్రహ్మాండంగా పనికొస్తుందండి."

"మొత్తానికి ఒకటి వాడకంలోకి వచ్చింది," అని ఆమె సీసా పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మిగతావాటి బిరడాలు ఒక్కొక్కటీ నొక్కి చూసి దేవరాజ్ అందించాడు, రోజారమణి పడుకోబెట్టింది. గుడ్డతో అంచు మీది ఎర్రచుక్క తుడిచాడు. టేకుకి మరక పట్టలేదు. చివరికి రెండు చేతులతో గూటిని పట్టి ఊపాడు. కిర్రుమనలేదు, కదలలేదు.

"మీరు కూడా ఊపి చూసుకోండి బాబుగారూ," అన్నాడు పక్కకి తప్పుకుంటూ.

బుల్లిబాబుగారు భుజం ఆనించి మరీ ఊపారు. ఒక్క సీసా కూడా గలగలమనలేదు.

"గూడు తీసుకున్నానయ్యా," అన్నారు. దేవరాజ్ ఉలి తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.