పెట్రోలు పుల్ల

పెట్రోలు ధర పెరిగినందుకు పాతబస్తీలో సంతోషించిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆ మాట అప్పట్లో పైకి అని ఉంటే మా ఆయన నన్ను గుమ్మం అవతల నిలబెట్టేవాడు. కానీ నిజం అదే. ఆ ధర పెరగబట్టే మా అన్న రోజూ మధ్యాహ్నం మా ఇంటికి అన్నానికి రావడం మొదలైంది.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. మేముండేది ఉప్పుగూడలో, రైలుకట్టకు దగ్గరగా ఒక సందులో. ఒకరినొకరు బావా అని పిలుచుకునే మా ఆయనా, మా అన్నా కలిసి ఒక ఆటో కొన్నారు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా అన్న నడిపేవాడు, అక్కణ్ణించి రాత్రి దాకా మా ఆయన. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. పుట్టిల్లంటే నాకు ఆ అన్నే. పెళ్లి చేసుకోలేదు, వంట రాదు. పెద్ద రోడ్డు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని, ఆటోలు నిలిచే అడ్డా దగ్గర హోటల్లో చాయ్, బన్నులతో కడుపు నింపుకునేవాడు. ఇంటికి రమ్మంటే, "రోజు రోజు ఏం వస్త చెల్లె, బావ ఏమనుకుంటడో" అని తప్పించుకునేవాడు. మా అన్నకు మొహమాటం ఎక్కువ. నాకు ఆ జబ్బు లేదు.

ఇద్దరు నడిపే ఆటోలకు అప్పట్లో ఒక పుల్ల ఉండేది. సన్నటి వెదురు పుల్ల, దాని మీద చాకుతో పెట్టిన ఒక గాటు. బండి అప్పగించేవాడు గాటు దాకా పెట్రోలు ఉంచి అప్పగించాలి. తీసుకునేవాడు ట్యాంకు మూత తీసి, పుల్లను అడుగు దాకా దించి, తడి ఎంతవరకు వచ్చిందో చూసుకుని తాళంచెవి అందుకుంటాడు. తక్కువైతే నింపి ఇవ్వాలి. ఎక్కువుంటే తీసుకున్నవాడి అదృష్టం, అడిగేదేమీ లేదు. మావాళ్లు చార్మినార్ దగ్గరి అడ్డాలో బండి మార్చుకునేవారు. మొదట్లో పుల్ల పెట్టడం కూడా ఊరికే ఆచారం కోసమే. మా ఆయన తడి వైపు చూసేవాడు కూడా కాదట.

అంతలో అరబ్బు దేశాల్లో లడాయి అన్నారు, పెట్రోలు ధర పెరిగింది. కొన్నాళ్లకు ఇంకోసారి పెరిగింది. ఇక చూడాలి మనుషుల్ని! బంకులో పెట్రోలు పోస్తుంటే డ్రైవర్లంతా బండి దిగి ముల్లు వైపు గుడ్లప్పగించి నిలబడేవారు. పోయడం అయ్యాక గొట్టాన్ని ఎత్తి దులిపి, ఆఖరి చుక్క దాకా ట్యాంకులో పడితే తప్ప కదిలేవారు కాదు. ఏ కొంచెం దిగుడు కనిపించినా ఇంజను బంద్ చేసి బండిని జారనిచ్చేవారు. కొందరు కిరోసిన్ కలిపేవారు. ఎవడు కలిపాడో తెలుసుకోవడానికి మిగతావాళ్లు ముందు పోయే బండి పొగ వాసన చూసేవారు. ఊరవతలి గుడిమల్కాపూర్‌కు రమ్మంటే, వచ్చేటప్పుడు ఖాళీగా రావాలని, వినబడనట్టు తల తిప్పుకునేవారు. ఎక్కినవాళ్లు మాత్రం తక్కువా? "మీటర్ ఠీక్ హై నా భాయ్?" అని ఎక్కకముందే అడిగి, దిగేదాకా దాని మీంచి కళ్లు తీసేవారు కాదు. మలక్‌పేటలో గుర్రప్పందాల రోజున ఎక్కినవాడైతే దిగగానే పారిపోతాడేమోనని మా ఆయనకు భయం.

అప్పుడే రబ్బరు ట్యూబు దొంగలు కూడా పుట్టుకొచ్చారు. చాయ్ తాగి వచ్చేలోపు ట్యాంకులో ట్యూబు పెట్టి గుంజుకుపోతారట. అడ్డాలో ఒకరిద్దరి బండ్లకు అట్లా జరిగిందని విని మా ఆయనకు నిద్ర పట్టలేదు.

"బావా, ఇగ అడ్డా మీద బండి మార్చుకునుడు వద్దు," అన్నాడు అన్నతో. "సీదా ఇంటికే తే. మా గుమ్మం ముంగట పెట్టు. గిది కూసోని చూస్తనే ఉంటది గదా."

గిది అంటే నేను. కాపలా మనిషిని. ఇంకొకప్పుడైతే నాలుగు దులిపేదాన్ని. కానీ ఇంటికి తెమ్మన్నాక అన్నం తినకుండా ఎట్లా పోతాడు? అందుకే నోరు మూసుకున్నాను.

మా సందు ఇరుకు. ఆటో నిలబడితే తోపుడుబండి పట్టదు. అందుకని గోడ వెంట ఉన్న మురుగు మోరీ మీది రాతిబండకు ఒక వైపు చక్రం ఎక్కించి పెట్టేవారు. దారి మిగిలేది. అన్న వచ్చి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని తినేవాడు. చింతపులుసంటే ప్రాణం. "అమ్మ చేసినట్టే ఉన్నది చెల్లె" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నించీ ఎదురుచూసేదాన్ని. ఎవరేమనుకుంటే నాకేం, ఆ పెట్రోలు ధర అట్లాగే ఉండాలని దేవుడికి దండం పెట్టుకున్నాను కూడా.

అన్నాళ్లూ తడి వైపు సరిగ్గా చూడని మా ఆయన, ఒకరోజు అన్న తింటుండగా బయట పుల్ల పెట్టి చూసి, గుమ్మంలోకి వచ్చాడు.

"బావా, గాటు కన్న ఏలు తక్కువున్నది."

"బంక్ కాడ నేనే వెట్టి చూసిన బావా. గాటు దాక ఉండె."

"మరి ఏడికి పోయింది? నడిమిట్ల నేల తాగిందా?"

అన్న చేయి కడుక్కుని వెళ్లి తనే చూశాడు. నిజంగానే తక్కువ. బంకు వాడేమన్నా చేశాడా, ట్యాంకు కారుతోందా అని బండి కింద పడుకుని మరీ వెతికాడు. నేల మీద చుక్క లేదు. మర్నాడూ ఒక వేలు తక్కువే. ఆ మర్నాడూ అంతే.

మా ఆయన ముఖం మాడ్చుకుని తిరగడం మొదలుపెట్టాడు. రాత్రిళ్లు నన్ను అడ్డమైన ప్రశ్నలూ వేసేవాడు. మీ అన్న కొత్త చొక్కా ఎప్పుడు కుట్టించాడు? మీ అన్నకు ఆ కిరోసిన్ కలిపేవాళ్లతో దోస్తీ ఏంటి? నాకు ఒళ్లు మండేది.

"మస్తు ఖర్చయితుందా నీకు?" అని అడిగాను.

"అయితలేదా మరి? చేతికొచ్చింది వచ్చినట్టే బంకుల పోస్తున్న."

"అది పెట్రోలు ధర పెరిగినందుకు అయ్యే ఖర్చు. మా అన్న గుంజుకున్నందుకని నీకెట్ల తెలుసు?"

ధర పెరిగాక ఎవరి ఖర్చు ఎందుకు పెరిగిందో ఎవరికి తెలుసు? నేనూ ఊరుకోలేదు. మా మరిది అప్పుడు పనిలేక తిరుగుతున్నాడు. అన్నను తప్పించి తమ్ముణ్ణి ఆ సీట్లో కూర్చోబెట్టడానికే ఈయన ఈ నాటకం ఆడుతున్నాడని నాకు గట్టి అనుమానం. పుల్లను అటూ ఇటూ తిప్పి చూశాను, గాటు కొత్తగా చెక్కాడేమోనని. పాత గాటే. అయినా నా అనుమానం పోలేదు. ఒకే ఇంట్లో ఆయన పుల్లను చూసేవాడు, నేను ఆయన్ను చూసేదాన్ని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అన్న రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. బయట మా ఆయన పుల్లను బండి సీటు మీద విసిరికొట్టి, సందంతా వినబడేలా అన్నాడు.

"ట్యూబు వెట్టి గుంజేటోళ్లు బయటోళ్లే ఉంటరనుకున్న. ఇంటోళ్లు గూడ ఉంటరు!"

అన్న చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. "అన్నా, ఆయన మాటకేం, తిను," అన్నాను. "కడుపు నిండింది చెల్లె," అన్నాడు. పళ్లెం నిండా అన్నం అట్లాగే ఉంది. చేయి కడుక్కుని, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆ రోజు నేను మా ఆయన్ను అనని మాట లేదు. నోటికొచ్చినవన్నీ అన్నాను. తర్వాత పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

మర్నాటి నుంచి అన్న బండి తెచ్చి, బండ మీదికి ఎక్కించి, గుమ్మం బయటే తాళంచెవి ఇచ్చి వెళ్లిపోయేవాడు. లోపలికి రమ్మంటే ఆకలి లేదనేవాడు. నేను పంతం కొద్దీ రోజూ పులుసు చేసి, అన్న వాటా ఒక గిన్నెలో తీసిపెట్టేదాన్ని. సాయంత్రం దాకా అది అట్లాగే ఉండేది.

విచిత్రం ఏమిటంటే, ఆ మర్నాటి నుంచే పుల్ల సరిగ్గా గాటు దాకా తడవసాగింది. మా ఆయన ఆనందం చూడాలి!

"చూసినవా? నోరు తెరిచి అడిగేసరికి దారికొచ్చిండు. గప్పటిదాక ఏడ పోయింది పెట్రోలు?"

 నిజం చెప్పాలంటే అన్న మీద నాకూ ఒక్క క్షణం అనుమానం కలిగింది.

కొన్నాళ్లకు మున్సిపాలిటీ వాళ్లు మోరీ తీయడానికి వచ్చి మా గుమ్మం ముందరి బండ లేపారు. మధ్యాహ్నం అన్న వచ్చేసరికి బండ ఇంకా పక్కనే పడి ఉంది. సందు నడుమ చదునుగా బండిని నిలిపి, తాళంచెవి ఇచ్చి, ఎప్పట్లాగే వెళ్లిపోయాడు. నేను పులుసు గిన్నె పట్టుకుని గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాను. అప్పటికే సందు మలుపు తిరిగాడు.

మా ఆయన పుల్ల దించి తీశాడు. తడి గాటు దాటి ఒక వేలు పైకి ఉంది.

"అరే! ఇయ్యాల ఎక్కువున్నది," అన్నాడు. వెంటనే ముఖం విప్పారింది. "సమజైంది. గుంజిన సొమ్ము మెల్లగ తిరిగి పోస్తుండు. భయమైంది."

పెట్రోలు తక్కువైతే దొంగ, ఎక్కువైతే ఇంకా పెద్ద దొంగ!  అంతలో పనివాళ్లు వచ్చి బండను మోరీ మీద దించారు. వెనక తోపుడుబండి వాడు దారి కోసం లొల్లి పెట్టాడు. మా ఆయన ఆటోను తోసి, ఒక చక్రం బండ మీదికి ఎక్కించాడు. బండి ఒక పక్కకు ఒరిగింది. అది చూస్తూ నేను గిన్నె సంగతి మరిచాను. గిన్నె చేతిలో ఒరిగి, పులుసంతా ఒక అంచుకు చేరి నా పాదాల మీద పడింది.

"మళ్ల ఒక్కపారి పుల్ల పెట్టు," అన్నాను.

"ఇప్పుడే గదా పెట్టిన. పిచ్చి లేసిందా?"

పుల్ల ఆయన చేతిలోంచి గుంజుకుని, కొంగుతో తుడిచి, నేనే దించాను. తడి సరిగ్గా గాటు దగ్గర ఆగింది. మూత ఉన్న వైపే బండ మీదికి లేచింది. పెట్రోలు అవతలి వైపుకు ఒరిగింది. బండిని కిందికి దింపించి మళ్లీ చూశాను. గాటు మీద ఒక వేలు. ఆ మధ్యలో బండిని ముట్టుకున్నది మేమిద్దరమే.

"గిప్పుడు చెప్పు," అన్నాను. "గాటు దాక పోసి తెచ్చినోడు దొంగెట్ల అయిండు? గీ ఏలెడు ఎక్కువ ఎవలు పోసిండ్రు? రోజు ఎవలు పోస్తుండ్రు?"

మా ఆయన బండ మీద కూర్చుండిపోయాడు. 

ఆటోలోనే అన్న గదికి వెళ్లాం. అన్న చాయ్‌లో బన్ను ముంచుకుని తింటున్నాడు. మా ఆయన తల వంచుకుని జరిగింది చెప్పాడు. అన్నకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. అట్లానా అన్నట్టు తల ఊపాడు. నాకే ఆగలేదు.

"మరి నువ్వెందుకు పోసినవ్ అన్నా, నీ చేతిది వెట్టుకోని?"

"ఏం జెయ్యాలె చెల్లె? తగ్గుడైతే నిజమే. నా కండ్లతోని నేనే చూస్తి. ఎందుకు తగ్గుతున్నదో తెల్వకపాయె. బావ నోట దొంగ అనిపిచ్చుకునుడు కన్న పోసుడే అల్కగ అనిపించింది."

ఆ మర్నాడు నేను తెల్లవారుజామునే లేచి పులుసు పెట్టాను. అన్న సందు మొదట్లో చదునైన చోట బండి ఆపి ఇంటి దగ్గరికి నడిచి వచ్చాడు. మా ఆయన ఎదురెళ్లాడు.

"ఇగ పుల్ల గిల్ల వద్దు బావా. లోపటికి రా."

"పెట్టు బావా," అన్నాడు అన్న. "చూసినంకనే తింట."

మా ఆయన పుల్ల పెట్టి, తడి చూసేదాకా అన్న కదల్లేదు. తర్వాత లోపలికి వచ్చి తృప్తిగా తిన్నాడు. పులుసు మళ్లీ అడిగి పోయించుకున్నాడు. రెండు రోజులుంటే మరిచిపోతాడులే అనుకున్నాను. మరవలేదు. ఆ బండి మా చేతిలో ఉన్నన్నాళ్లూ, "చెల్లె, బావను పిలువు" అన్న పిలుపు తర్వాతే నా గుమ్మం దాటాడు. మా ఆయన ఎన్నిసార్లు బతిమాలుకున్నాడో.

ఒక వానాకాలం మా ఆయనకు జ్వరం వచ్చి ముసుగుతన్ని పడుకున్నాడు. వాన కుండపోతగా కురుస్తోంది. అన్న తడిసి ముద్దై గుమ్మం బయట నిలబడ్డాడు.

"బావకు జ్వరం, అన్నా. నువ్వు ముందుగాల లోపటికి రా," అన్నాను.

"చూడకుంట ఎట్ల తింట చెల్లె?"

మా ఆయనే లేచాడు. గొంగడి తల మీద కప్పుకుని, వణుకుతూ సందు మొదటి దాకా వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. మూత తీసి, పుల్ల దించి, పైకి తీశాడు. వానకు పుల్లంతా కారుతోంది. పెట్రోలు ఎంతవరకు ఉందో, గాటు ఎక్కడుందో ఏమీ తెలియడం లేదు.

మా ఆయన ఆ పుల్లను కళ్ల దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"సరిపోయింది బావా," అన్నాడు.

అప్పుడు అన్న వచ్చి, చెప్పులు విప్పి, అన్నానికి కూర్చున్నాడు.