రెండో రింగు

సారపాక దాటాక అడవి దారిలో మా హాస్టల్ బడి. బాస్కెట్‌బాల్ కోర్టుకు స్తంభాలు రెండు, రింగు ఒకటే. రెండోది వస్తుందని మా పీఈటీ సారు ఆరో తరగతిలో చెప్పారు. మాట తప్పే మనిషి కాదు, నేను పదో తరగతికొచ్చినా అదే మాట మీద ఉన్నారు.

అందరం ఆ ఒక్క రింగులోనే వేసేవాళ్ళం. అది తూర్పున ఉండేది. కళ్ళు మూసుకున్నా నా చేయి అటే పోయేది.

నా మొదటి పెద్ద మ్యాచ్ కొత్తగూడెంలో. విరామం దాకా మేం వేయాల్సింది తూర్పు రింగులోనే కాబట్టి నన్ను ఆపినవాళ్ళు లేరు. తర్వాత వైపులు మారతాయని సారు చెప్పారు. నేను తలూపాను కూడా. ఆఖరి నిమిషంలో, ఒక్క పాయింటు ముందున్నప్పుడు, బంతి నా చేతికొచ్చింది. కాళ్ళు తూర్పుకే పరుగెత్తాయి. ఎదుటి జట్టు పిల్లలు పక్కకు జరిగి దారిచ్చారు. నాకు భయపడ్డారనుకున్నాను. వేశాను, చక్కగా పడింది. చప్పట్లు మాత్రం వాళ్ళు కొట్టారు. ఒక్క పాయింటుతో ఓడాం.

“ఇంటి దొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడు బిడ్డా,” అన్నారు సారు. వెక్కి వెక్కి ఏడ్చాను. జిల్లా జట్టు ఎంపికకు వచ్చిన ఒకావిడ మాత్రం, “ఎటేస్తేంది, చెయ్యి మంచిగుంది,” అని నా పేరు రాసుకుంది. నా ఘనమైన ఆట అలా మొదలైంది. జిల్లా, రాష్ట్రం, పతకాలు, చివరికి ఆటల కోటాలో కుర్చీలో కూర్చునే ఉద్యోగం.

ఈ మధ్య బడిలో నాకు సన్మానం చేశారు. “మీకేం గావాలె మేడం?” అని హెడ్‌మాస్టర్ మైకులోనే అడిగారు. రెండో రింగు అన్నాను. నెల తిరక్కుండానే ఫోన్ వచ్చింది: “స్తంభానికి పెట్టించినం మేడం, వచ్చి చూడుండ్రి.”

సంబరంగా వెళ్ళాను. రెండో స్తంభానికి, సరిగ్గా రింగు ఉండాల్సిన ఎత్తున, నా ఫోటోతో ఫ్లెక్సీ. కింద ‘మా బడి గర్వకారణం’ అని రాసి ఉంది. ఒళ్ళు మండిపోయింది.

కోర్టులో పిల్లలు ఆడుతున్నారు. వచ్చే వారం వాళ్ళకు కొత్తగూడెంలో మ్యాచట. ఒకమ్మాయి బంతిని గురిచూసి నా ఫోటో ముఖం మీద కొట్టింది. వెనక్కి తిరిగి నన్ను చూసి నాలుక కరుచుకుంది.

“ఏం జేస్తున్నవే?”

“రింగు లేదు గద మేడం. విరామం అయినంక ఇటే ఎయ్యాలని యాదికుండాలె. మీ లెక్క మా రింగుల మేమే ఏసుకోవద్దు గద. ముక్కుకు తగిల్తే రెండు పాయింట్లు.”

కోపం ఎటు పోయిందో తెలియదు. బంతి తీసుకుని నా ముక్కు మీదే వేశాను.

“రెండు!” అని అరిచారు పిల్లలు.