పెద్దిండ్ల తర్వాతే సత్ప్రసాదం

మొన్నీమధ్య ప్రొద్దుటూరులో మా చెల్లెలి మనుమరాలు మొదటిసారి సత్ప్రసాదం తీసుకుంటుంటే చూడడానికి వెళ్లాను. పూజలో ఫాదరు అందించే ఆ తెల్లని పలుచని అప్పం కోసం జనమంతా ఒకే వరుసలో నిలబడి, చేతులు చాపి తీసుకుని పోతున్నారు. నా ముందున్న కుర్రవాడు నా నెరిసిన తల చూసి పక్కకు జరిగి, "మీరు ముందు పోండి పెద్దాయనా" అన్నాడు. మర్యాదకే అన్నాడు పాపం. కానీ ఆ 'ముందు' అనే మాట వింటే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ ఒక్క మాట కోసం మా ఇంటివాళ్లు చేసిన ఘనకార్యాన్ని నేను కళ్లారా చూశాను.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నేను ప్రొద్దుటూరులో ఒక పత్రికకు వార్తలు పంపే పనిలో చేరి, శనివారం సాయంత్రం బస్సెక్కి జమ్మలమడుగు పక్కనున్న మా ఊరికి చేరుకునేవాణ్ణి. మా ఊరి గుడికి, అంటే చర్చికి, చుట్టుపక్కల పల్లెలనుంచి కూడా జనం వచ్చేవారు. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లయినా ముట్టకుండా, కాళ్లకు పట్టిన నల్లరేగడి దులుపుకుంటూ నడిచి వచ్చి, ఒక్క ముక్క అర్థం కాని లతీను భాషలోని పూజను ఎంతో భక్తిగా విని, అది అయిపోగానే ఆవరణలో సద్దిమూటలు విప్పి, జొన్నరొట్టెలోకి చెనిక్కాయల ఊరిబిండి పంచుకుంటూ, పత్తి ధర గురించీ, పెండ్లి సంబంధాల గురించీ, పులివెందుల వైపు వానలు పడ్డాయా లేదా అన్నదాని గురించీ మాట్లాడుకునేవారు. ఆ వాసన, ఆ సందడి తలుచుకుంటే ప్రాణం లేచివస్తుంది.

అయితే గుడి లోపలి తీరు వేరు. ముందు బల్లలు మా పెద్దిండ్లవి. జేజినాయన కాలంలోనే మతం మార్చుకున్నా మా రెడ్డితనం మాత్రం చెక్కుచెదరలేదు. వెనుక నేల మీద, ఆనాటి మాటలో చెప్పాలంటే, హరిజనవాడ వాళ్లు కూర్చునేవారు. సత్ప్రసాదం వేళ మొదట మా మగవాళ్లు, తర్వాత మా ఆడవాళ్లు, పీఠం ముందు అడ్డంగా కట్టిన కొయ్య కటాంజనం దగ్గర మోకరించి నాలుక చాపాలి. మేమంతా తిరిగివచ్చి కూర్చున్నాకే వెనుకవాళ్లు లేవాలి. దీనికి కారణం ఏ పుస్తకంలోనూ లేదు, మా పెద్దనాయన తలలో ఉంది. ఫాదరు అప్పాన్ని నేరుగా నాలుక మీద పెడతాడు కదా, ఆయన వేళ్లు వెనుకవాళ్ల నాలుకకు తగిలి ఆ తర్వాత మా నాలుకకు తగిలితే ఎంగిలి! ఆ అప్పంలో దేవుడున్నాడని మావాళ్లు నమ్మారు. ఆ దేవుడు కూడా ఎంగిలిపడతాడని అంతకంటే గట్టిగా నమ్మారు.

ఇంతలో కోస్తా నుంచి ఒక కుర్ర ఫాదరు వచ్చాడు. కొన్ని వారాలు చూసి చూసి, ఒక ఆదివారం ప్రసంగంలో, ఇక ముందూ వెనుకా లేదు, ఎవరైనా ఎప్పుడైనా రావచ్చునని చెప్పేశాడు. పూజ అయ్యాక పెద్దనాయన ఆయన్ను గుడి మెట్ల మీదే పట్టుకున్నాడు.

"ఏంది సామీ, కొత్త ఆచారాలు తెస్తాండావు? వాళ్ల నోట్లో పెట్టిన చేత్తోనే మా నోట్లో పెడతావా?"

"దేవుడికి ఎంగిలేమిటండీ?" అని నవ్వాడు ఫాదరు.

"దేవునికి లేకపోతే లేకపోనీలే. మాకుండాది."

పత్రిక పనిలో మోతుబరులనూ లంచగొండులనూ ఎందరినో చూశాను. వాళ్ల దుర్మార్గం వెనుక ఏదో ఒక లాభం ఉండేది, కనీసం అదయినా అర్థమయ్యేది. ఏ లాభమూ లేని ఈ అహంకారాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. పాత పద్ధతి వచ్చేదాకా మా ఇండ్లవాళ్లెవరూ సత్ప్రసాదం తీసుకోకూడదని పెద్దనాయన కట్టడి చేశాడు. ఆదివారం ఆదివారం మావాళ్లు ఇస్త్రీ బట్టలతో వచ్చి, ముందు బల్లల మీద అలిగిన అల్లుళ్లలాగా కూర్చుని, దేవుడే దిగివచ్చి బతిమాలతాడన్నట్టు పీఠం వైపు చూసేవారు. వాళ్ల పక్కనుంచే వెనుకవాళ్లు నడిచి వెళ్లి తీసుకుని వస్తుంటే, వీళ్లు అర్ధరాత్రి నుంచి ఉపవాసం ఉండి మరీ వట్టి నోళ్లతో ఇంటికి పోయేవారు.

ఈ పంతంలో నలిగిపోయింది మా జేజి, పెద్దనాయనను కన్నతల్లి. అప్పటికే ఆమెకు ఆయాసం ముదిరింది. ఆ ఎండాకాలం దాటుతానన్న నమ్మకం ఆమెకు లేదు. ఏడాదికొకసారి, ఈస్టరు పండుగకైనా సత్ప్రసాదం తీసుకుని తీరాలన్నది ఆమెకు తెలిసిన నియమం. అది లేకుండా పోతే దేవుని ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలన్నది ఆమె దిగులు.

"ఒరే అబ్బీ, నేను పొయ్యేదాన్నిరా. నోట్లో దేవుడు పడకుండానే నన్ను సాగనంపుతావా?" అని కొడుకును అడిగింది.

"నీకొక్కదానికి వదిలితే ఇంటి మర్యాద యాడికి పోవాలమ్మా?" అన్నాడు ఆ సుపుత్రుడు.

ఈస్టరు ఆదివారం వచ్చింది. సత్ప్రసాదం గంట మోగింది. ముందు బల్లలు కదలలేదు. జేజి ఒక్కతే లేచింది. పీఠం వైపు పోతుందేమోనని పెద్దమ్మ ఆమె కొంగు పట్టుకోబోయింది కానీ, జేజి అటు పోలేదు. వెనక్కి తిరిగి, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ గుడి చివరిదాకా నడిచి, మా ఇంట్లో పిల్లలందరికీ కాన్పు చేసిన హరిజనవాడ మంత్రసాని పక్కన నిలబడింది.

"రెడ్డెమ్మా, మీరు ముందు పోండి, మేమెనకాల వస్తాం" అని మంత్రసాని భయంతో జరగబోయింది.

"ముందుండి ఇన్ని వారాలు చూస్తిని గదే, ఏం దొరికింది నాకు? నువ్వు కదలగాకు. నీ భుజం పట్టుకుంటే తప్ప మోకరించలేను."

అలాగే ఇద్దరూ కటాంజనం దాకా వచ్చారు. ఫాదరు మంత్రసాని నాలుక మీద పెట్టి, అదే చేత్తో జేజి నాలుక మీద పెట్టాడు.

ఆ సాయంత్రమే జేజి మంచం వసారాలోకి వచ్చేసింది. వేరే తట్ట, వేరే చెంబు. పెద్దమ్మ సంగటి ముద్దను తగలకుండా పైనుంచి జారవిడిచేది. జేజి కొడుకు వైపు చూసి రొప్పుతూనే నవ్వింది.

"మీ నాయన జ్ఞానస్నానం తీసుకున్న దినం నీళ్లు చాల్లేదేమోరా అబ్బీ. మిమ్మల్నందర్నీ ఇంకొకసారి ముంచల్ల."

పెద్దిండ్లవాళ్లు ఆ ఫాదరును మార్పించడానికి బండ్లు కట్టుకుని బిషప్పు దాకా పైవాళ్ల దగ్గరికి తిరిగారు. ఏడాది లోపలే కుర్ర ఫాదరుకు బదిలీ అయింది, ఆయన చోట వచ్చిన పెద్ద వయసు ఫాదరు గొడవలెందుకని పాత పద్ధతే పెట్టాడు. మావాళ్లు గెలిచారు. అందరికంటే ముందు మోకరించి, అందరికంటే ముందు నాలుక చాపి, పెండ్లిలో మొదటి పంక్తి దొరికినవాళ్లలా తృప్తిగా తిరిగివచ్చారు. జేజి మాత్రం మళ్లీ ముందుకు రాలేదు. ఆ ఎండాకాలం దాటి ఆమె ఇంకొన్నేళ్లు బతికింది. కొడుకు బతిమాలినా, బెదిరించినా, బతికినన్నాళ్లూ వెనుక నేల మీదే కూర్చుని, అందరికంటే చివర సత్ప్రసాదం తీసుకుంది.

పోయాక ఆమెను అడిగే పని లేదు కదా. పెద్దనాయన ఘనంగా శవయాత్ర జరిపించి, సమాధుల దొడ్డిలో మా ఇండ్లకు ప్రత్యేకంగా ఇనుప కంచె వేసుకున్న చోట, ముందు వరుసలో ఆమెను పూడ్పించాడు. మంత్రసాని కంచె బయటే నిలబడి, చువ్వల సందులోంచి పిడికెడు మట్టి విసిరింది. అది గుంతదాకా పోలేదు.

ఇప్పుడు ఆ గుడిలో కటాంజనం లేదు, పూజ తెలుగులో జరుగుతుంది, ఎంగిలి మాట ఎత్తేవాళ్లు లేరు. పూజ ముగిసే లోపలే బయట మోటారు సైకిళ్లు మొదలవుతాయి, ఆవరణలో సద్దిమూట విప్పే మనిషి కనిపించడు. జేజిలాగా, అది తీసుకోకుండా పోతానేమోనని దిగులుపడేవాళ్లూ నాకు కనిపించడం లేదు. ఆ కంచెకు మాత్రం మా తమ్ముడు నిరుడు కొత్త రంగు వేయించాడు. లోపల నాకు కూడా చోటు ఉంచారట, పెద్దనాయన పక్కనే. ఆ మాట ఎంతో ప్రేమగా చెప్పాడు.