రెండు రైఫిళ్లలో ఒకటి

సింగపూర్‌లోని బెడోక్‌లో నేను అద్దెకున్న ఇంటి యజమాని రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన తాతలు శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి మలయాలోని జొహోర్‌కు వెళ్లారు. ఆయన మాత్రం యవ్వనంలోనే జొహోర్ వదిలి సింగపూర్ వచ్చి, ఓడల మరమ్మతు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన తెలుగులో మూడు తరాల కిందటి శ్రీకాకుళం యాస, దాని మధ్య మలయ్ ముక్కలు, తమిళం ముక్కలు కలిసి ఉండేవి. నేను ఆయనను అంకుల్ అనేదాన్ని. ఆ ఊళ్లో పెద్దవాళ్లందరూ అంకుల్, ఆంటీలే.

నాకు తెలిసిన తెలుగువాళ్లలో చాలామంది ఆ రోజుల్లో రాఫెల్స్ ప్లేస్‌లోని బ్యాంకులకు వెళ్లి, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు కొత్త శతాబ్దిలో పనిచేస్తాయో లేదో పరీక్షించేవారు. నేను విశ్వవిద్యాలయంలో లోహాల ఉపరితలాలను పరీక్షించేదాన్ని. మా జీతాల మధ్య దూరం వాళ్లకు నవ్వు తెప్పించేది. నాకేమో వాళ్లు చెప్పే ప్రతి మాటకూ ఆధారం అడగడంలో ఆనందం ఉండేది. ఈ అలవాటు వల్ల నన్ను విందులకు పిలవడం తగ్గించారని ఇప్పుడు అనుకుంటాను. దీనికి ఆధారం లేదు.

నా అలవాటును ఇష్టపడింది అంకుల్ ఒక్కరే. ఆయనకు ఎదురు ప్రశ్న వేస్తే కథ ఇంకాస్త పొడుగయ్యేది.

ఆయన కథలన్నీ ఒక రైఫిలు చుట్టూ తిరిగేవి. తోటలో రబ్బరు చెట్ల మధ్య వేసిన కోకో కాయలను ఉడతలు కొరికి పాడుచేస్తుంటే, తోట దొర వాళ్ల నాన్నకు తేలికపాటి రైఫిలు ఇచ్చాడట. రిమ్‌ఫైర్ అంటారు దాన్ని. చిన్న తూటా, పేలుడు రాజేసే రసాయనం దాని అడుగున చుట్టూ ఉండే అంచులోనే ఉంటుంది. చప్పుడు తక్కువ, భుజం మీద తన్ను తక్కువ. ఉడతలకూ కుందేళ్లకూ అది చాలు. కాగితం మీద గురి సాధనకైతే అంతకన్నా మంచిది లేదు. కొట్టిన ఉడతలను వాళ్లమ్మ మిరియాలు వేసి కూర వండేదట.

"ఒకపాలి ఇంత దూరం నుంచి ఉడత కంట్లో కొట్టాను" అన్నారొక సాయంత్రం.

"ఇంత అంటే ఎంత, అంకుల్?"

ఆయన చెప్పులు వేసుకొని బయటి వరండాలోకి నడిచారు. మా గుమ్మం దగ్గర నన్ను ఉడతగా నిలబెట్టి, పొరుగిళ్ల తలుపులు దాటుకుంటూ వెళ్లి లిఫ్టు దగ్గర ఆగారు. పక్కింటి చైనీస్ ఆంటీ గ్రిల్ వెనక నుంచి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అక్కడి నుంచి నా కన్ను కనిపిస్తోందా?" అని అరిచాను.

"అప్పుడు కనిపించీది!"

"ఉడత కన్ను నా కన్నుకన్నా చిన్నది కదా?"

"ఏటమ్మా, ఉడతను అడుగు పో!"

ఈ వాదనలన్నీ సరదాగా సాగుతుండగానే ఒక చిక్కు వచ్చిపడింది. అంకుల్ చాలాకాలంగా ఒక తుపాకీ క్లబ్బులో సభ్యుడు. సింగపూర్‌లో రైఫిలు ఇంటికి తెచ్చుకోవడమన్న మాటే లేదు. అది క్లబ్బు ఆయుధాల గదిలో తాళం కింద ఉంటుంది. అక్కడే తీసుకుని, అక్కడే కాల్చి, అక్కడే అప్పగించాలి. ఆయన ఇన్నాళ్లూ ఒక స్నేహితుడి రైఫిళ్లతో కాలుస్తూ వచ్చారు. ఆ స్నేహితుడు పిల్లల దగ్గరకు పెర్త్ వెళ్లిపోతూ తనకున్న రెండింటిలో ఒకటి నువ్వు తీసుకో అన్నాడు. క్లబ్బు ఒక షరతు పెట్టింది. ఎంచుకున్న రైఫిలుతో గురి పరీక్ష నెగ్గాలి. నెగ్గితేనే అది ఆయన పేరు మీదికి వస్తుంది. పరీక్షకు అవకాశం ఒక్కటే.

అంతకుముందే ఆయన రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పాయా లేబర్ పేటలో ఉద్యోగం చేసే ఆయన కూతురికి ఈ తుపాకీ వ్యవహారం ఇక చాలనిపించింది. ఆ ఊరి వాళ్లందరిలాగే ఆమె మాటలకూ చివర "లా" అనే తోక ఉండేది.

"అప్పా, ఈ టెస్ట్ ఫెయిల్ అయితే స్టాప్ లా. ప్రామిస్ చెయ్యి. నో మోర్ ఎక్స్‌క్యూజ్."

"బోలే, బోలే" అన్నారాయన, సరేనన్నట్టు.

మర్నాడు పొద్దున నా గది తలుపు తట్టారు. "నువ్వు కొలతలు చదివిన పిల్లవి. రెంటిలో ఏది తీసుకోవాలో నువ్వే చెప్పు తల్లీ."

ఆ రెండు రైఫిళ్లూ ఒకే తూటా తినేవే గాని, స్వభావాలు వేరు. ఒకటి గురి పోటీల కోసం చేసింది: లావు గొట్టం, మహా బరువు, ప్రతిసారీ ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకోవాలి, వెనక చిన్న రంధ్రంలోంచి చూసి గురి పెట్టాలి. దానికి టెలిస్కోపు బిగించే చోటు లేదు. రెండోది చిన్న జంతువుల వేటకు చేసింది: సన్న గొట్టం, భుజాన వేసుకుని రోజంతా నడవగలిగే బరువు, కింద తూటాల పెట్టె, పైన టెలిస్కోపు. అంకుల్ దాన్ని అందుకున్నప్పుడల్లా చేతులు వాటంతటవే సర్దుకునేవి. తోటలోది కూడా అలాంటిదేనని ఎన్నిసార్లు చెప్పారో.

క్లబ్బులో ప్రతివాడికీ ఒక సిద్ధాంతం ఉండేది. పొడుగు గొట్టమైతే తూటా వేగం పెరుగుతూ పోతుందన్నాడొకాయన. ఇంత చిన్న తూటాలోని మందు గొట్టం చివరిదాకా రాకముందే కాలిపోతుందనీ, ఆ పైన మిగిలేది రాపిడేననీ నేను చెబితే ఆయనకు నచ్చలేదు. ఖరీదైన తూటాలే మంచివన్నాడింకొకాయన. కాల్చి చూశాం, ఆ వేట రైఫిలుకు మధ్యరకం తూటాలే ఎక్కువ నప్పాయి. ప్రతి రైఫిలుకూ ఒక ఇష్టం ఉంటుందన్న మాటను మూఢనమ్మకం అనుకుంటూ వెళ్లినదాన్ని, అది నిజమని ఒప్పుకుని వచ్చాను.

అసలు పోలిక కోసం ఒక పద్ధతి పెట్టాను. కాల్చేది అంకుల్ కాదు, ఆయుధాల గది చూసుకునే రిటైర్డ్ సార్జెంటు. ఏది గెలిచినా ఆయనకు ఒకటే. రైఫిలును ఇసుక సంచుల మీద ఆనించి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి కాల్చాలి. ఏ కాగితం దేనిదో సార్జెంటు వెనకవైపు గుర్తు పెడతారు. రంధ్రాల మధ్య దూరం కొలిచేదాకా నేను తిప్పి చూడను. అంకుల్ నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

కాగితాలు తిప్పి చూశాక ఇక వాదించడానికేమీ మిగల్లేదు. బరువు రైఫిలు రంధ్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. వేట రైఫిలువి చిల్లర విసిరినట్టు చెదిరాయి. అలాంటి కాగితంతో ఆ పరీక్ష ఎవరూ నెగ్గలేరు.

"సరే, బరువుదే" అన్నారు అంకుల్. ఆ బరువు రైఫిలు ఎత్తి భుజానికి ఆనించి, ఆ చిన్న రంధ్రంలోంచి చూశారు. ఆపరేషన్‌లో పెట్టిన కటకం దూరాన్ని చక్కగా చూపిస్తుంది గాని దగ్గరి వస్తువుకు సర్దుకోదు. గొట్టం చివరనున్న గురిగుబ్బ ఆయనకు మసకగా కనబడుతోందని రెప్పలు పదేపదే కొట్టడాన్ని బట్టే తెలిసింది. రెండు గుండ్లు పేలేసరికి గొట్టం కిందికి వాలిపోయింది. దింపేసి, "వయసు సుడా అయిపోయింది" అని నవ్వారు, అప్పుడే అనడానికి మలయ్ ముక్క వాడి. సార్జెంటు కళ్లు పక్కకు తిప్పుకున్నారు.

బరువు రైఫిలు గురి తప్పదు గాని ఆయన దాన్ని మోయలేరు. మోయగలిగింది గురి తప్పుతోంది. పరీక్ష పది రోజుల్లోకి వచ్చేసింది.

రాత్రి భోజనాల దగ్గర కూతురు అడిగింది. "ఏది బెస్ట్, అక్కా?"

చెప్పాను.

"అయ్యో, పాపం అప్పా. మొన్న అంత పూజ చేశాడు కదా ఆ లైట్ రైఫిల్‌కి!"

"ఏ పూజ?"

"ఆయుధ పూజై లా. ఫ్రైడే క్లబ్బుకి వెళ్లి క్లీన్ చేసి, చందనం, కుంకుమ, పువ్వు, ఆల్ కంప్లీట్. కర్పూరం మాత్రం సార్జెంట్ వెలిగించనివ్వలేదట, గన్‌పౌడర్ ఉంది అని."

"నిమ్మకాయలు బోలే అన్నాడు" అన్నారు అంకుల్, సార్జెంటును సమర్థిస్తూ.

నేను అన్నం కలపడం ఆపేశాను. "అంకుల్, క్లీన్ అంటే పైపైనా, గొట్టం లోపలా?"

"లోపలా బయటా. పూజకు మురికితో పెడతామా? బ్రష్ వేసి, నూనె వేసి, గుడ్డ తెల్లగా వచ్చీదాకా. అద్దంలా మెరిసింది."

"రెండు రైఫిళ్లకూనా?"

ఆయన నా ప్రశ్న అర్థంకానట్టు చూశారు. "రెండోది మనది కాదు గదా తల్లీ."

కూతురు తండ్రి వైపు చూసింది. పూజ పీట మీద పెట్టేది సొంత పనిముట్టునేనని ఆ పిల్లకు తెలుసు. మేం కొలతలు మొదలుపెట్టకముందే ఆయన తన రైఫిలును ఎంచుకున్నారని మాకిద్దరికీ ఒకేసారి తెలిసింది.

నాకు మరొకటి కూడా తోచింది. ఈ రకం తూటాల సీసపు గుండు మీద మైనం పూత ఉంటుంది. కాల్చిన కొద్దీ ఆ మైనమూ సీసమూ గొట్టం లోపల పలచని పొరగా పేరుకుంటాయి. ఆ పొర కుదిరాకే గుండ్లు ఒకే దారిన పోతాయి. నూనె పట్టించి మెరుగుపెట్టిన గొట్టంలోంచి మొదటి గుండ్లు చెదరవచ్చు. అంటే ఒకటి అలవాటైన గొట్టంతోనూ, ఇంకొకటి దసరా స్నానం చేసిన గొట్టంతోనూ పోటీ పడ్డాయి. ఇది వినడానికి చాలా అందమైన వివరణ. అందమైన వివరణల మీదే నాకు ఎక్కువ అనుమానం.

"మళ్లీ కాల్చి చూద్దాం" అన్నాను. "అప్పటిదాకా దాన్ని ముట్టుకోకండి."

"దుమ్ము కూడా తుడవద్దా?"

"దండం కూడా దూరం నుంచే పెట్టండి."

తర్వాతి వారం సార్జెంటు ఆ వేట రైఫిలుతో ఒక్కొక్క గుంపు గుండ్లనూ ఒక్కొక్క కాగితం మీద కాల్చారు. మొదటి కాగితం చెదురుమదురుగానే వచ్చింది. ఆ తర్వాతవి దగ్గరకు జరుగుతూ వచ్చాయి. చివరికి నాణెం కింద దాక్కునేంతగా కుదురుకున్నాయి. బరువు రైఫిలు అప్పటికీ కాస్త మెరుగే. ఆ మాట నేను దాచలేదు. కానీ పరీక్షలో కాల్చేది ఇసుక సంచి కాదు, అంకుల్. పరీక్షలో లాగే ఆయనను పడుకోబెట్టి రెండింటితోనూ కాల్పించాను. టెలిస్కోపులో గురిగీతలూ గురీ రెండూ ఒకే దూరంలో ఉన్నట్టు కనబడతాయి కాబట్టి ఆయన కొత్త కళ్లకు ఇబ్బంది లేదు. ఆయన చేతుల్లో తేలిక రైఫిలే గెలిచింది.

పరీక్షనాడు కూతురు కూడా వచ్చింది. సెలవు పెట్టి వచ్చానని చెప్పలేదు, ఊరికే వచ్చానంది. అంకుల్ తొందరపడలేదు. గుండుకూ గుండుకూ మధ్య ఊపిరి తీసుకుని, వదిలి, సగంలో ఆపుకుని కాల్చారు. కాగితం తెచ్చాక చూస్తే రంధ్రాలన్నీ వలయం లోపలే ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది వలయపు గీత మీద పడింది, లేదా పక్కన పడింది. లోపలైతే నెగ్గినట్టు, బయటైతే అంతటితో సరి.

"లోపలే" అన్నారు సార్జెంటు, కంటితోనే చూసి.

"కొలవకుండా ఎలా చెప్తారు?" అన్నాను.

కూతురు నా మోచేయి గిల్లింది. అంకుల్ పడుకున్న చోటు నుంచే తల తిప్పారు. "ఏటమ్మా, నువ్వు నా పక్కా, కాయితం పక్కా?"

"కాగితం పక్కే అంకుల్."

"మంచిది" అన్నారు. "అయితే కొలవమను."

సార్జెంటు ఒక చిన్న ఇత్తడి సాధనాన్ని ఆ రంధ్రంలో దించి, దాని అంచు మీదికి భూతద్దం వంచారు. ఆయన తల ఎత్తలేదు. కూతురి చేయి నా మోచేతి మీదే ఉండిపోయింది. తర్వాత ఆయన పక్కకు జరిగి భూతద్దం నాకిచ్చారు. సాధనం అంచు గీతను తాకి ఉంది. సన్నగానే, కానీ తాకింది. క్లబ్బు నియమం ప్రకారం తాకితే లోపలి లెక్క.

"తాకింది" అన్నాను.

అంకుల్ లేచి మోకాళ్లు దులుపుకున్నారు. కూతురు ఆయన పెట్టుకున్న రక్షణ కళ్లద్దాలు తీసి తన చున్నీతో తుడిచి మళ్లీ పెట్టింది. "ఓకే లా అప్పా, ప్రామిస్ క్యాన్సిల్. కానీ ప్రతిసారీ నేనే డ్రాప్ చేస్తా, బస్సులో వద్దు."

ఆయన ఆ మాట విన్నారో లేదో. రైఫిలు ఖాళీగా ఉందని సార్జెంటుకు చూపించి, రెండు చేతులతో అప్పగిస్తూ, వచ్చే ఆదివారం పొద్దుటి వరుసలో చోటుందా అని అడుగుతున్నారు.