పప్పుగుత్తి సాక్ష్యం

ఆనంద్ పాల్ అబిడ్స్‌లో ఒక హోటల్ బ్యాండులో రాక్ సంగీతం వాయించేవాడు. నాంపల్లిలో మా ఇంటికీ వాళ్ళింటికీ నడుమ ఒకటే గోడ. రోజూ పొద్దున సాధన కోసం గిటారు వైరును వాళ్ళక్క మాబెల్ రేడియోకు తగిలించి, దాని స్పీకరులోంచి మోగించేవాడు. ఆ పాపిష్టి మోతకు మా వంటింట్లో గిన్నెలు అదిరేవి. నేను పప్పుగుత్తి తీసుకుని గోడ బాదేవాణ్ణి. అతను ఇంకాస్త గట్టిగా వాయించేవాడు.

అతని బతుకూ అంతే రభస. తాగాడు, హోటళ్ళు మారాడు, చర్చి పాటల బృందంలోంచి గెంటించుకున్నాడు. 1971లో హోటల్లో కొట్లాట జరిగి, పగిలిన గ్లాసు గుచ్చుకుని ఎడమచేతి వేళ్ళు తెగాయి. దవాఖానలో కుట్లు వేసి, మళ్ళీ వాయిస్తాడో లేదో చెప్పలేమన్నారు.

ఇక గోడ అవతల చప్పుడు లేదు. ఎన్నేళ్ళుగానో నేను కోరుకున్నది అదే. తీరా వచ్చాక ఆ నిశ్శబ్దం నా ప్రాణం తోడేసింది.

"ఆ పిలగాని గిటారు జర మోగితే బాగుండు" అంది నా భార్య కమల.

"నీకేం పని లేదా?" అని కసిరాను.

కట్లు విప్పిన మర్నాడు నేను అన్నం తింటుంటే అవతల ఒక తీగ మోగింది. తప్పుగా మోగింది. మళ్ళీ మోగింది. కాసేపటికి గిన్నెలు అదిరాయి.

ఎంగిలిచేత్తోనే పప్పుగుత్తి అందుకుని గోడ బాదాను.

అవతలి నుంచి మాబెల్ ఏడుస్తూ అరిచింది: "ఇంకా గట్టిగ కొట్టు, రామచందరన్నా! నువ్వు గోడ కొట్టేదాక వేళ్ళు మంచిగైనయని నమ్మనన్నడు వీడు!"