రెండోసారి ఉడకని సున్నం

మొన్న వాన వెలిశాక ఎల్లారెడ్డిలో ఒక సందులోంచి నడుస్తుంటే, సగం కూలగొట్టిన పాత ఇంటి గోడ నుంచి తడిసిన సున్నం వాసన వచ్చి ముక్కుకు తగిలింది, నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తొలకరికి తడిసిన మట్టివాసనలాగే ఉంటుంది గానీ లోపలికి పీలిస్తే సన్నగా మంట పెడుతుంది. ఊడిపడ్డ పెచ్చు ఒకటి చేతిలోకి తీసుకున్నాను. తెలుపు మీద లేత నీలం, దాని మీద మళ్లీ తెలుపు, ఏ ఇంటి పండుగలో ఏమో అన్నీ పొరలు పొరలుగా ఉన్నాయి. పట్టుకోబుద్ధి కాలేదు, కింద పడేశాను.

ఎల్లారెడ్డి పక్కనే ఉన్న మా ఊళ్లో, మాలాంటి క్రైస్తవుల ఇళ్లకు క్రిస్మస్ సున్నంతోనే మొదలయ్యేది. వరికోతలు ముగిసి, వాకిట్లో కొత్త గడ్డి వాసన నిండి, మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చే చలిలో బాపు, అంటే మా నాన్న, అంగడి నుంచి గోనెసంచిలో బట్టీలో కాల్చిన సున్నపురాయి మోసుకొచ్చేవాడు. అమ్మ గరిజెలకు, అంటే కజ్జికాయలకు, కొబ్బరి తురుముతుంటే, మేం అవ్వ అని పిలిచే మా నానమ్మ పెరట్లో పెద్ద గోలెం కడిగి సిద్ధం చేసేది. రాళ్లు అందులో పేర్చి, బాపు దూరంగా నిలబడి చల్లటి నీళ్లు పోసేవాడు. కాసేపు ఏమీ జరిగేది కాదు. ఆ తర్వాత సన్నగా బుస్సుమని, రాయి పటపటా పగిలి, గోలెమంతా కుతకుత ఉడికి, ఆవిరి ఇంటికప్పు దాకా లేచేది. పొయ్యి లేదు, కట్టెల్లేవు, అగ్గిపుల్ల గీసినవాళ్లు లేరు. ఏటా చూసేదే అయినా ఏటా మా నోళ్లు తెరుచుకునే ఉండేవి.

నా కంటే చిన్నవాడు, మా తమ్ముడు సామ్యేల్, ఆ ఆవిరికి చేతులు కాచుకుంటూ, "మంట ఏడున్నదే అవ్వా?" అని అడిగేవాడు.

"రాయి లోపట్నే ఉన్నది బిడ్డా. నీళ్లు తాకితే లేస్తది," అనేది అవ్వ.

మా ఇంట్లో ఉన్న రసాయనశాస్త్రమంతా ఆ ఒక్క మాటే. అమ్మ పసుపు చేత్తో సున్నం ముట్టుకుంటే వేళ్లు ఎర్రబడేవి, దానికి మాత్రం కారణం అవ్వకు కూడా తెలియదు. రాత్రంతా చల్లారిన సున్నాన్ని పొద్దున పాతచీరతో వడగట్టి, గుప్పెడు ఉప్పు, చిటికెడు నీలిమందు కలిపి, నార కుచ్చె ముంచి గోడలకు పూసేవాళ్లు. పూసినప్పుడు మురికినీళ్లలా కనిపించే గోడ, తెల్లారేసరికి కళ్లు చెదిరేంత తెల్లగా మారేది.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు, బాపు నిచ్చెనెక్కి పైఅంచుకు సున్నం వేస్తున్నాడు. క్రిస్మస్ నక్షత్రం ఎక్కడ కడితే వీధి చివరికి కూడా కనిపిస్తుందో చూడటానికి తమ్ముడు కింద నిలబడి తలెత్తాడు. కుచ్చె నుంచి జారిన చుక్క వాడి ఎడమ కంట్లో పడింది. వాడి కేకకు అమ్మ చెంబెడు నీళ్లతో ఉరికొచ్చింది. అవ్వ అడ్డం పడి ఆ చెంబు లాక్కుంది.

"నీళ్లు పోయకు. సున్నమది, కన్ను ఉడుకుతది."

అమ్మ ఆగిపోయింది. నిచ్చెన దిగిన బాపూ ఆగిపోయాడు. నేనూ అదే నమ్మాను, ఎందుకు నమ్మను, ముందురోజే గోలెంలో కళ్లారా చూశాను కదా. కంట్లో ఆముదం వేసి, గుడ్డ కట్టి, నీటిచుక్క తగలకుండా, కారుతున్న కన్నీళ్లు కూడా ఒత్తుకుంటూ, అవ్వను ఇంటి దగ్గరే ఉంచి, ఆటో మీద ఆటో మారి కామారెడ్డి ఆసుపత్రి దాకా తీసుకుపోయాం.

"నీళ్లతోని కడిగిండ్రా?" అన్నాడు డాక్టరు కట్టు విప్పుతూ.

"లేదు సార్. ఉడుకుతదని సుక్క గూడ తాకనియ్యలే," అన్నాడు బాపు, మంచిపని చేసినవాడి గొంతుతో.

డాక్టరు నీళ్ల సీసా అందుకున్నాడు. "అది నిన్ననే ఉడికి అయిపోయిందయ్యా. కలిపిన సున్నం మళ్ల ఉడుకదు. గప్పుడే కడిగితే గింత కాకపోతుండె."

ఆ తర్వాత ఆయన ఆ కంట్లోకి సీసాల కొద్దీ నీళ్లు ధారగా వదిలాడు. ఆవిరి లేస్తుందని, బుస్సుమంటుందని నేను గోడకు అతుక్కుపోయి చూశాను. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం అంత భయంకరంగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఆ కంటికి చూపు మిగల్లేదు.

తిరుగు దారిలో బాపు నాతో ఒక్కటే అన్నాడు. "అవ్వకు చెప్పకు బిడ్డా."

చెప్పలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లతో అవ్వ, "నేను అడ్డం పడకుంటే కన్నే ఉడికిపోతుండె," అని చెప్పుకునేది. బాపు తలొంచుకుని వినేవాడు. ఆమె ఆ నమ్మకంతోనే పోయింది.

పైతరగతిలో ఆ పాఠం వచ్చింది. కాల్షియం ఆక్సైడ్‌కు నీరు చేరితే కాల్షియం హైడ్రాక్సైడ్, వేడి. ఆ వేడి అప్పుడే, ఒక్కసారే. ఆ తర్వాత గోడ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. తమ్ముడి కన్ను పుస్తకంలో ఒక్క వరుస. క్లాసులోంచి లేచి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు మా ఊళ్లో సున్నం వేసే ఇల్లు ఒక్కటీ లేదు. అన్నీ డబ్బాల రంగులే. గోలెం లేదు, కుచ్చె అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. సామ్యేల్ కామారెడ్డిలో కిరాణా దుకాణం నడుపుతున్నాడు, ఎడమవైపు నుంచి ఎవరైనా పలకరిస్తే తలంతా తిప్పి చూస్తాడు.

నేను గాంధారి దగ్గర ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. ఏటా పిల్లలను దూరంగా నిలబెట్టి, కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోసి చూపిస్తాను. అది ఉడికి చల్లారాక, "ఇది కంట్ల పడితే ఏం చేస్తరు?" అని అడుగుతాను. సున్నం వేసిన ఇంట్లో ఒక్కరోజైనా బతకని పిల్లలు, ఏటా ఒక్క గొంతుతో, "నీళ్లు పోయొద్దు టీచర్, ఉడుకుతది," అంటారు. ఈ ఏడు ముందు వరుసలో ఉన్న ఒక పిల్లకు నీళ్ల మగ్గు ఇచ్చి, ఆ చల్లారిన సున్నంలోనే మళ్లీ పోయమన్నాను. కళ్లు గట్టిగా మూసుకుని పోసింది. మెల్లగా ఒక కన్ను తెరిచి చూసింది.

"ఏం కాలే టీచర్," అంది.

ఏమీ కాదు. మా పెరట్లో, సామ్యేల్ నిలబడ్డ చోటికి పక్కనే, నిండా నీళ్లున్న బావి ఉండేది.